పోలీసులు అరెస్టు చేస్తే ఏ గంటలో ఏమి అడగాలి: నిందితుడికీ, కుటుంబానికీ మార్గదర్శిని

మన ఊళ్లలో ఒకరిని పోలీసులు స్టేషన్‌కు తీసుకువెళ్లారని తెలియగానే కుటుంబం మొదట వెతికేది అక్కడ మాట చెల్లే పెద్దమనిషిని. ఆ వెతుకులాటలో గడిచిపోయే గంటలే చట్టం నిందితుడికి అత్యధిక రక్షణ ఇచ్చిన గంటలు. అరెస్టుకు కారణాన్ని రాతపూర్వకంగా తెలుసుకోవడం, న్యాయవాదిని కలవడం, వైద్య పరీక్ష, మేజిస్ట్రేటు ముందు హాజరు, ఇవన్నీ ఒక్కొక్కటి ఒక్కో వేళకు ముడిపడి ఉన్నాయి. సమయానికి అడిగితే స్టేషన్‌లోనో మేజిస్ట్రేటు కోర్టులోనో దక్కేదాన్ని, సమయం దాటాక హైకోర్టు దాకా వెళ్లి వాదించుకోవలసి వస్తుంది. అందుచేత ఏ దశలో ఏ కాగితం అడగాలి, ఎవరిని అడగాలి అనే క్రమంలోనే ఈ వివరణ ఇస్తున్నాను.

2024 జూలై 1 నుంచి పాత నేర ప్రక్రియ స్మృతి (సీఆర్‌పీసీ) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్, అమలులోకి వచ్చింది. కోర్టు ఆవరణల్లో ఇప్పటికీ ‘41ఏ నోటీసు’ వంటి పాత పేర్లు వినిపిస్తూనే ఉన్నాయి కాబట్టి రెండు సంఖ్యలూ తెలిసి ఉండటం మంచిది. హాజరు కమ్మని ఇచ్చే నోటీసుకు సంబంధించిన పాత 41ఏ ఇప్పుడు 35వ సెక్షన్‌లో, రిమాండ్‌కు సంబంధించిన పాత 167 ఇప్పుడు 187వ సెక్షన్‌లో ఉన్నాయి. వీటన్నిటికీ ఆధారం రాజ్యాంగంలోని 20, 21, 22 అధికరణలు.

స్టేషన్‌కు రమ్మని పిలిచినప్పుడు

‘ఒకసారి వచ్చి వెళ్లండి’ అని ఫోన్ చేసి పిలవడం సర్వసాధారణం. వెళ్లే ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: పిలుస్తున్నది సాక్షిగానా, నిందితుడిగానా? సాక్షిగా అయితే బీఎన్‌ఎస్‌ఎస్ 179వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకమైన ఉత్తర్వు ఉండాలి. మహిళలను, 15 ఏళ్లలోపు బాలురను, 60 ఏళ్లు దాటిన పురుషులను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారిని సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు. వారు తామే వస్తామంటే తప్ప పోలీసులే వారి నివాసానికి వెళ్లి విచారించాలి.

నిందితుడిగా పిలుస్తూ, అరెస్టు అవసరం లేదని పోలీసులు భావిస్తే, 35వ సెక్షన్ మూడో ఉపవిభాగం కింద నోటీసు ఇవ్వాలి. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో పోలీసు శాఖలకు స్పష్టంగా చెప్పింది. అలాగని వాట్సాప్‌లో వచ్చిన నోటీసును చూసీ చూడనట్టు వదిలేయమని నేను సలహా ఇవ్వను. న్యాయవాది చేత ఒక చిన్న లేఖ రాయించి, నోటీసును చట్టప్రకారం అందజేయమని కోరుతూ, విచారణకు సహకరిస్తానని కూడా అందులోనే తెలపడం క్షేమం. నోటీసు సక్రమంగా అందితే చెప్పిన తేదీకి వెళ్లి తీరాలి. వెళ్లలేని పరిస్థితి ఉంటే ఆ తేదీకి ముందే కారణం రాసి, అందినట్టు స్టేషన్ ముద్రతో నకలు తీసుకోవాలి. నోటీసును పాటిస్తున్నంత కాలం ఆ నేరానికి అరెస్టు చేయరాదు. చేయవలసి వస్తే కారణాలను పోలీసు అధికారి రాతపూర్వకంగా నమోదు చేయాలి. హాజరు కాకపోవడమే అరెస్టుకు కారణంగా మారుతుంది కాబట్టి, హాజరైన ప్రతిసారీ దానికి రుజువు మీ చేతిలో ఉండాలి.

ఏడేళ్లు లేదా అంతకంటే తక్కువ శిక్ష పడే నేరాలలో యాంత్రికంగా అరెస్టు చేయరాదని అర్నేశ్ కుమార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కట్నం వేధింపుల కేసులో వచ్చిన తీర్పే అయినా అది ఈ శిక్షా పరిమితిలోకి వచ్చే కేసులన్నిటికీ వర్తిస్తుంది. మూడేళ్లకంటే తక్కువ శిక్ష పడే నేరంలో, 60 ఏళ్లు దాటిన వారినీ అశక్తులనూ డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదని బీఎన్‌ఎస్‌ఎస్ కొత్తగా చేర్చింది. వృద్ధులైన తల్లిదండ్రులను కుటుంబ తగాదా కేసుల్లోకి లాగినప్పుడు ఎంతో ఉపయోగపడే నిబంధన ఇది.

నాన్‌బెయిలబుల్ నేరంలో అరెస్టు తప్పదనే భయం సహేతుకంగా ఉంటే 482వ సెక్షన్ కింద సెషన్స్ కోర్టులో గాని హైకోర్టులో గాని ముందస్తు బెయిలు కోరవచ్చు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు ఉంటే, ఫిర్యాదులో ప్రాథమికంగా నేరమే కనిపించని సందర్భాల్లో తప్ప ముందస్తు బెయిలు దొరకదు.

అరెస్టు చేసినప్పుడు

అరెస్టు చేసే అధికారి తన పేరు స్పష్టంగా కనిపించేలా గుర్తింపు ధరించాలి. అరెస్టు మెమో రాయాలి. దానిమీద కుటుంబ సభ్యుడు గాని ఆ ప్రాంతానికి చెందిన గౌరవనీయుడైన వ్యక్తి గాని సాక్షి సంతకం చేయాలి, అరెస్టయిన వ్యక్తి కూడా సంతకం చేయాలి. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు విధించిన ఈ షరతులు ఇప్పుడు 36వ సెక్షన్‌లో చట్టంగానే ఉన్నాయి. సంతకం చేసే ముందు చూడవలసిన గడి ఒక్కటే, అది తేదీ, సమయం. మధ్యాహ్నం మూడింటికి ఇంటి దగ్గర పట్టుకుని, మర్నాడు ఉదయం ఆరింటికి బస్టాండులో అరెస్టు చేసినట్టు మెమోలో రాస్తే, మధ్యలోని 15 గంటలు కాగితం మీద మాయమైపోతాయి. అలా రాసి ఉంటే సంతకం కింద మీ చేతి రాతతో అసలు సమయం రాయండి. రాయనివ్వకపోతే ఆ సంగతి గుర్తుంచుకుని మేజిస్ట్రేటుకు చెప్పండి.

అరెస్టుకు కారణాలను తెలియజేయడం రాజ్యాంగ 22వ అధికరణ విధించిన బాధ్యత. ‘ఫలానా సెక్షన్ కింద’ అని చెబితే సరిపోదు. మీరు ఏమి చేశారని ఆరోపణ, ఏ ఆధారంతో, అనేది మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. 2023లో మనీలాండరింగ్ చట్టానికీ, 2024లో ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టానికీ సంబంధించిన కేసుల్లో కారణాలను రాసి ఇవ్వాలన్న సుప్రీంకోర్టు, 2025 నవంబరులో మిహిర్ రాజేశ్ షా కేసులో దీన్ని అన్ని నేరాలకూ విస్తరించింది. అరెస్టు సమయంలోనే రాసి ఇవ్వడం సాధ్యం కాని పరిస్థితిలో నోటిమాటగా చెప్పి, రిమాండ్ కోసం మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా రాతప్రతి ఇవ్వాలని, అలా జరగకపోతే అరెస్టూ రిమాండూ చట్టవిరుద్ధమవుతాయని తీర్పు చెప్పింది. తెలుగు తప్ప చదవలేని మనిషికి ఇంగ్లీషు కాగితం ఇచ్చి సంతకం తీసుకోవడం ఈ బాధ్యతను నెరవేర్చినట్టు కాదు. ‘నాకు తెలుగులో రాసి ఇవ్వండి’ అని అడగడం మొండితనం కాదు, మీ హక్కు.

మీరు చెప్పిన బంధువుకో మిత్రుడికో అరెస్టు సంగతి, మిమ్మల్ని ఉంచిన చోటు తెలియజేయడం 48వ సెక్షన్ ప్రకారం పోలీసుల పని. మహిళను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితుల్లో చేయవలసి వస్తే మహిళా పోలీసు అధికారి రాతపూర్వక నివేదికతో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు అనుమతిని ముందుగా పొందాలి. ఒంటిమీది వస్తువులు, ఫోను తీసుకుంటే వాటి వివరాలతో రసీదు ఇవ్వాలి. సోదా, స్వాధీనం జరిగేటప్పుడు వీడియో తీయడం 105వ సెక్షన్ తప్పనిసరి చేసింది కాబట్టి, వీడియో తీశారా లేదా అన్నది కుటుంబ సభ్యులు గమనించి రాసుకోవాలి.

ఇదే సమయంలో కుటుంబం చేయవలసిన పని వేరు. ఎవరు వచ్చారు, ఏ వాహనంలో, ఎన్ని గంటలకు, ఎవరు చూశారు అనేవి వెంటనే ఒక కాగితం మీద రాసి, ఇంటి దగ్గరా వీధిలోనూ ఉన్న సీసీ కెమెరాల దృశ్యాలు చెరిగిపోకుండా నకలు తీసిపెట్టుకోవాలి. ఏ స్టేషన్‌లో ఉన్నారో తెలియకపోతే జిల్లా పోలీసు కంట్రోల్ రూమ్‌ను అడగాలి. అరెస్టయిన వారి వివరాలను ప్రతి స్టేషన్‌లోనూ, జిల్లా కేంద్రంలోనూ ప్రదర్శించాలని 37వ సెక్షన్ చెబుతోంది. ఆ తర్వాత జిల్లా ఎస్పీకి లేదా కమిషనర్‌కు, సంబంధిత మేజిస్ట్రేటుకు, తీసుకువెళ్లిన సమయాన్ని పేర్కొంటూ ఈమెయిల్ గాని రిజిస్టర్డ్ పోస్టు గాని పంపాలి. నాలుగు వాక్యాలున్నా చాలు. తర్వాత మెమోలో సమయం మారినా, ఈ ఉత్తరం మీది సమయం మారదు. అరెస్టే చేయలేదని స్టేషన్ బుకాయిస్తే, తెలంగాణలో హైదరాబాద్‌లోని హైకోర్టులోనూ, ఆంధ్రప్రదేశ్‌లో అమరావతిలోని హైకోర్టులోనూ మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ వేయవచ్చు, అప్పుడు కూడా మొదట చూపించవలసింది ఆ ఉత్తరమే.

స్టేషన్‌లో విచారణ

విచారణ జరుగుతున్నప్పుడు మీ న్యాయవాదిని కలుసుకునే హక్కు 38వ సెక్షన్ ఇస్తుంది, కానీ విచారణ సాగినంతసేపూ ఆయన పక్కన ఉండే హక్కు ఇవ్వదు. ఇది అరకొర హక్కే అని నా అభిప్రాయం. అయినా ఉన్నంత మేరకు అడిగి తీరాలి. పేరు, చిరునామా చెప్పడానికి నిరాకరించకండి. మిమ్మల్ని నేరంలో ఇరికించే ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పకుండా ఉండే హక్కు 20వ అధికరణ మూడో క్లాజులో ఉంది. ఈ హక్కు కోర్టులోనే కాక పోలీసు విచారణలోనూ ఉంటుందని నందినీ శతపథి కేసులో 1978లోనే సుప్రీంకోర్టు తేల్చింది. నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలను సమ్మతి లేకుండా చేయరాదని 2010లో సెల్వి కేసులో చెప్పింది.

పోలీసు అధికారికి చెప్పిన నేర ఒప్పుకోలు భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ ప్రకారం సాక్ష్యంగా చెల్లదు. అయితే ఆ మాటల ఆధారంగా ఏదైనా వస్తువు బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన భాగం మాత్రం చెల్లుతుంది. మన రెండు రాష్ట్రాల్లో మధ్యవర్తుల సమక్షంలో ‘ఒప్పుకోలు, స్వాధీన పంచనామా’ రాయడం వెనుక ఉన్న కారణం ఇదే. దర్యాప్తులో పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం చేయవలసిన అవసరం లేదని 181వ సెక్షన్ చెబుతోంది. అరెస్టు మెమో మీద, మీ దగ్గర నిజంగా దొరికిన వస్తువుల జాబితా మీద సంతకం చేయడం వేరు, తెల్లకాగితం మీద చేయడం వేరు. తెల్లకాగితం మీద ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. బలవంతం మీద చేయవలసి వస్తే, ఎన్ని కాగితాల మీద చేశారో లెక్క గుర్తుంచుకోండి.

అరెస్టు తర్వాత త్వరగా వైద్య పరీక్ష జరిపించడం 53వ సెక్షన్ కింద తప్పనిసరి. ఆ గదిలో డాక్టరు అడిగే ‘దెబ్బలేమైనా ఉన్నాయా’ అన్న ప్రశ్నకు చాలామంది పక్కనున్న కానిస్టేబుల్‌ను చూసి ‘లేవు’ అంటారు. ఆ ఒక్క మాటతో, తర్వాత కోర్టులో చెప్పుకోబోయే చిత్రహింసల సంగతి బలహీనపడుతుంది. ఒంటిమీది ప్రతి గాయాన్నీ చూపించాలి. గాయం ఎప్పటిదో సుమారుగా డాక్టరు నమోదు చేయాలి, నివేదిక నకలు మీకు గాని మీరు చెప్పిన వ్యక్తికి గాని ఇవ్వాలి. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని, దృశ్యాలను 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది భద్రపరచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కొట్టారన్న ఆరోపణ ఉంటే ఆ దృశ్యాలను భద్రపరచమని కుటుంబం వెంటనే కోర్టును కోరాలి.

మేజిస్ట్రేటు ముందు

అరెస్టయిన వ్యక్తిని ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఆదివారమైనా, పండుగైనా ఈ గడువు ఆగదు. కోర్టు లేకపోతే మేజిస్ట్రేటు ఇంటికి తీసుకువెళ్తారు. ఈ 24 గంటలను మెమోలో రాసిన సమయం నుంచి కాక, మనిషిని నిజంగా అదుపులోకి తీసుకున్న సమయం నుంచి లెక్కించాలని తెలంగాణ హైకోర్టు 2024లో చెప్పింది. కుటుంబం పంపిన ఉత్తరానికి విలువ వచ్చేది ఇక్కడే.

రిమాండ్ అనేది పోలీసుల కాగితం మీద పడే లాంఛనపు సంతకం కాకూడదు. అరెస్టు అవసరం ఏమిటో, కారణాలు రాసి ఇచ్చారో లేదో చూసి, సంతృప్తి చెందాకే మేజిస్ట్రేటు కస్టడీకి పంపాలి. కానీ ఆయన ముందు ఉన్నది రిమాండ్ రిపోర్టు మాత్రమే. రెండో వైపు కథ చెప్పగలిగినవాడు నిందితుడే. కాబట్టి మేజిస్ట్రేటు ‘పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా’ అని అడిగినప్పుడు తల ఊపి ఊరుకోకూడదు. అడగకపోయినా సరే, ఈ నాలుగు విషయాలు వరుసగా చెప్పాలి: ఎప్పుడు, ఎక్కడ పట్టుకున్నారు, అరెస్టు కారణాలు రాసి ఇచ్చారా, కొట్టారా, గాయాలు ఎక్కడ, న్యాయవాది ఉన్నారా లేరా. చెప్పినది రికార్డులో రాయమని వినయంగా కోరాలి. ఇన్ని గంటలుగా పోలీసుల అధీనంలో ఉన్న మనిషి వారి పక్కనే నిలబడి ఇవన్నీ చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఆ రోజు రికార్డుకెక్కని గాయాన్ని నెల తర్వాత ఎవరూ నమ్మరు.

న్యాయవాది లేకపోతే ఆ మాటే మొదట చెప్పాలి. కస్టడీలో ఉన్న ప్రతి వ్యక్తికీ, మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ, పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే అర్హతను 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఇచ్చింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా సహాయం దొరుకుతుంది.

మేజిస్ట్రేటు జ్యుడీషియల్ రిమాండ్‌కు పంపితే మనిషి జైలుకు వెళతాడు. ఆ తర్వాత పోలీసులు కస్టడీ పిటిషన్ వేయవచ్చు. పోలీసు కస్టడీ మొత్తం 15 రోజులకు మించకూడదు గాని, బీఎన్‌ఎస్‌ఎస్ ప్రకారం ఆ 15 రోజులను నేర తీవ్రతను బట్టి మొదటి 40 లేదా 60 రోజుల్లో విడతలుగా కోరవచ్చు. పాత చట్టంలో తొలి 15 రోజులు గడిస్తే ఈ భయం ఉండేది కాదు. ఇది నిందితుడి పట్ల కఠినమైన మార్పు. అందువల్ల కస్టడీ పిటిషన్ వచ్చిన ప్రతిసారీ గట్టిగా ఎదుర్కోవాలి. కోర్టు అనుమతించినా, న్యాయవాది కనుచూపు మేరలో ఉండాలని, ముందూ వెనుకా వైద్య పరీక్ష జరగాలని షరతులు కోరాలి.

బెయిలు, జామీను

బెయిలబుల్ నేరమైతే బెయిలు మీ హక్కు. స్టేషన్ బెయిలుగానే బయటికి రావచ్చు. నాన్‌బెయిలబుల్ అయితే అది కోర్టు విచక్షణ. మేజిస్ట్రేటు నిరాకరిస్తే సెషన్స్ కోర్టుకు, తర్వాత హైకోర్టుకు వెళ్లవచ్చు. పిటిషన్‌కు ఎఫ్‌ఐఆర్ నకలు కావాలి. సున్నితమైన కేసులు మినహా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో ఉంచాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది కాబట్టి రాష్ట్ర పోలీసు వెబ్‌సైటులో వెతకండి, లేకపోతే దరఖాస్తు పెట్టి నకలు తీసుకోండి.

బెయిలు వచ్చాక కూడా జామీనుదారులు దొరక్క జైల్లోనే ఉండిపోయే పేదలున్నారు. ఈ వ్యవహారంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించేది ఇదే. ఇంటిపన్ను రసీదో, జీతం సర్టిఫికెటో తెచ్చే ఇద్దరు మనుషులు లేనంత మాత్రాన, కోర్టు ఇచ్చిన స్వేచ్ఛ కాగితానికే పరిమితమవుతోంది. జామీను మొత్తం మితిమీరి ఉండకూడదని 484వ సెక్షన్ చెబుతోంది. వేరే జిల్లావాడనే కారణంతో జామీనుదారును తిరస్కరించరాదని 1978లో మోతీరాం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. బెయిలు వచ్చి ఏడు రోజులైనా విడుదల కాని ఖైదీ సంగతిని జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని, నెల దాటినా జామీను సమర్పించలేకపోతే కోర్టు షరతులను సడలించే విషయం పరిశీలించవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు సూచించింది. షరతు తగ్గించమని ఒక చిన్న పిటిషన్ వేయడానికి వెనుకాడకండి.

రోజులు లెక్కపెట్టండి

మరణశిక్ష, యావజ్జీవం, లేదా పదేళ్లు అంతకు మించి శిక్ష పడే నేరాల్లో 90 రోజులు, మిగిలిన వాటిలో 60 రోజులు గడిచేలోపు పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా లభిస్తుంది. మొదటి రిమాండ్ రోజును కూడా ఇందులో లెక్కించాలి. గడువు తీరిన మరుక్షణం దరఖాస్తు పడాలి. మీరు దరఖాస్తు వేసేలోపు ఛార్జిషీటు పడితే హక్కు పోతుంది, వేసిన తర్వాత పడితే పోదు. కాబట్టి కుటుంబం క్యాలెండరు మీద ఆ తేదీకి గుర్తు పెట్టుకుని, పిటిషన్ ముందే సిద్ధం చేయించి, జామీనుదారులను కూడా వెంటబెట్టుకుని కోర్టు తెరిచే సమయానికి అక్కడ ఉండాలి.

గంజాయి కేసుల్లో లెక్క వేరు. 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. గడువు 180 రోజులు, బెయిలు షరతులు చాలా కఠినం. ఒంటిమీద సోదా చేసే ముందు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షంలో సోదా కోరే హక్కు ఉందని మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం 50వ సెక్షన్ ప్రకారం చెప్పాలి. చేతిసంచికి ఇది వర్తించదు. పీడీ చట్టం, అంటే ముందస్తు నిర్బంధ చట్టం, కింద నిర్బంధిస్తే 24 గంటల హాజరు వర్తించదు. కారణాల ప్రతి, ప్రభుత్వానికి విన్నపం చేసుకునే అవకాశం, సలహా మండలి ముందు విచారణ మాత్రం ఉంటాయి. వెంటనే హైకోర్టు న్యాయవాదిని సంప్రదించాలి. 18 ఏళ్లు నిండనివారిని లాకప్‌లో గాని జైల్లో గాని ఉంచకూడదు, వారిని బాల న్యాయ మండలి ముందే హాజరుపరచాలి. వయసు రుజువుగా పదో తరగతి మెమో లేదా పాఠశాల జనన తేదీ పత్రం వెంట తీసుకువెళ్లండి.

విచారణ ఏళ్ల తరబడి సాగుతూ మనిషి జైల్లోనే ఉంటే 479వ సెక్షన్ చూడాలి. మొదటిసారి నేరారోపణ ఎదుర్కొంటున్నవారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగిలినవారు సగం కాలం జైల్లో గడిపితే విడుదలకు దరఖాస్తు చేసే బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులు పెండింగులో ఉన్నవారికి ఇది వర్తించదు.

ఛార్జిషీటు పడ్డాక దాని నకళ్లు, సాక్షుల వాంగ్మూలాలు, ఇతర పత్రాలు 230వ సెక్షన్ కింద ఉచితంగా ఇవ్వాలి. నిందితుడు హాజరైన నాటి నుంచి 14 రోజులు మించకూడదు. అందిన ప్రతి పేజీనీ జాబితాతో సరిచూసుకుని, లేనివాటిని అప్పుడే అడిగి, అందుకున్న తేదీని న్యాయవాది ఫైలులో రాయించండి. మేజిస్ట్రేటు విచారించే వారంటు కేసుల్లో (రెండేళ్లకు మించి శిక్ష పడే నేరాల కేసుల్లో), అభియోగాలు మోపకముందే కేసు నుంచి తప్పించమని కోరే డిశ్చార్జి పిటిషన్ వేయడానికి ఉన్న 60 రోజుల గడువు ఆ నకళ్లు అందిన తేదీ నుంచే మొదలవుతుంది.